పాత యంత్రము రోత కాదు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని తెలుగున ఒక సామెత కలదు. మనుష్యుల చపలబుద్ధిని ఎత్తిపొడుచుటకు పుట్టిన ఈ మాటను లోకులు వస్తువులను కొనుటకు ఒక సూత్రముగా పట్టుకొనిరి. కాని ఈ సామెతను పలికిన పల్లెరైతే తన సేద్యమునకు ఎద్దును కొనవలసి వచ్చినపుడు దీనిని పాటింపలేదు. కాడి మరపని కోడెను విడిచి, పని నేర్చిన ఎద్దును వెదకికొనుచు అతడు సంతకు పోయెను. నోరు తెరచి పళ్ళు లెక్కించి వయస్సు తెలిసికొనెను. మెడమీద కాడి రాచిన గుర్తును, గిట్టలను, కన్నులను చూచెను. నాలుగు అడుగులు నడిపించి కుంటు ఉన్నదేమో కనిపెట్టెను. ఇంతయు అయిన పిమ్మటనే తుండుగుడ్డ క్రింద చేయి పెట్టి వ్రేళ్ళతో బేరమాడెను. ఒకరి కాడి క్రింద పనిచేసి వచ్చినదని ఆ ఎద్దు అతనికి రోత కాలేదు. చూడక కొన్న ఎద్దే రోత పుట్టించెను.

ఈ వివేకము ఎద్దులతోనే పోయినదా, యంత్రముల బేరమునకును పనికివచ్చునా అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఒక దూరదేశపు ఉదాహరణము చక్కగా ఉపకరించును. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున, వెర్మాంటు, మెయిన్ వంటి రాష్ట్రములలో నేటికిని అనేక కుటుంబములు శీతకాలమున ఇంటిని వెచ్చగా ఉంచుకొనుటకు కట్టెల పొయ్యిని నమ్ముకొనియున్నవి. 1973 నాటి చమురు సంక్షోభముతో అచట ఈ పొయ్యిలకు మరల గిరాకి పెరిగినది. దుంగలను ఇంటివద్దకు తెప్పించుకొని, పొయ్యికి తగిన పొడవున కోసి, ఆ మొద్దులను చీల్చి, పేర్చి, ఆరబెట్టుట అచటి గృహస్థునకు ఏటేటి పని. గొడ్డలికి మారుగా ఈ చీల్చుపనిని చేయు యంత్రములు అచట విరివిగా ఉన్నవి. ఒకరు కొంతకాలము వాడి అమ్మిన యంత్రమును మరియొకరు కొనుట సామాన్యమైన బేరము.

ఆ బేరములో కొనువాడు దేనిని చూడవలెను? ‘ఎన్ని టన్నుల యంత్రము? ధర ఎంత?’ అను రెండు ప్రశ్నలతో చాలమంది తృప్తిపడుదురు. ఈ రెండును తరువాత అడుగవలసిన ప్రశ్నలు. ముందు తన కట్టెను, పిమ్మట యంత్రపు దేహమును, అన్నిటికంటె మిన్నగా తన చేతుల క్షేమమును చూచినవాడే మంచి బేరగాడు.

మన దేశమున పెక్కు వంటయిండ్లలో కట్టెపొయ్యి తొలగి గ్యాసు పొయ్యి వచ్చినది. నాటి ఆంధ్రప్రదేశమున 1999లో మొదలైన దీపము పథకము, 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఉజ్జ్వల పథకము ఈ మార్పునకు తోడ్పడినవి. కనుక కట్టెను ఎందుకు చీల్చవలెనో నేటి విద్యార్థికి కొంత వివరింపవలసియున్నది. పచ్చికట్టెలో నీరు అధికము. ఆ నీరు ఆవిరియగుటకే మంటలోని వేడి కొంత వ్యయమగును. మంట మందగించును, పొగ హెచ్చును. ఆ పొగలోని జిగురు పదార్థము పొగగొట్టపు లోపలి గోడలకు పట్టి, క్రమముగా పేరుకొని, ఒకనాడు అంటుకొని ఇంటికే నిప్పు తెచ్చిపెట్టవచ్చును. కట్టెలోని తేమ నూటికి 20 పాళ్ళకు తగ్గిన తరువాతనే దానిని పొయ్యిలో పెట్టవలెనని అచటివారి నియమము. బెరడుతోనున్న గుండ్రని మొద్దు త్వరగా ఆరదు. బెరడు నీటిని లోపలనే బంధించి ఉంచును. చీల్చినపుడు లోపలి చెక్క గాలికి తెరచుకొని ఆరుట మొదలుపెట్టును. చీల్చని మొద్దు ఇంకను చెట్టులోని భాగమే. చీల్చి ఆరబెట్టిన పేడు ఇంధనము.

చలిదేశములలో ఈ పనిమీద గల మక్కువ ఎంతటిదో నార్వేను చూచిన తెలియును. లార్స్ మిట్టింగ్ అను రచయిత కట్టెలను కొట్టుట, పేర్చుట, ఆరబెట్టుటలను గూర్చి 2011లో ఒక గ్రంథము ప్రకటింపగా అచటి ప్రజలు దానిని విశేషముగా ఆదరించిరి. 2013 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రభుత్వ ప్రసార సంస్థ కట్టెలను గూర్చియే 12 గంటల కార్యక్రమమును ప్రసారము చేసినది. శీతకాలపు వెచ్చదనము వేసవిలో పేర్చిన కుప్పలో ఉన్నదని ఎరిగిన జాతికి ఇది వింత కాదు.

ఇక మొదటి ప్రశ్న: కట్టె ఎంత, ఎట్టిది? గోటితో పోవుదానికి గొడ్డలి యెందుకని మన పెద్దలు అనిరి. గొడ్డలితో పోవుదానికి యంత్రమెందుకని ఆ మాటను ఇంకొక మెట్టు పొడిగింపవచ్చును. అమెరికాలో కట్టెను ‘కార్డు’ అను కొలతతో అమ్ముదురు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున పేర్చిన కుప్ప ఒక కార్డు. అనగా 128 ఘనపుటడుగులు. ఏటికి ఒక్క కార్డు కాల్చువానికి బరువైన గొడ్డలియు, ఒక ఉక్కు ఆపును, సుత్తియు చాలును. శరీరము సహకరింపనిచో రెండు దినములకు యంత్రమును అద్దెకు తెచ్చుకొనవచ్చును, లేదా ఇరుగుపొరుగువారు ముగ్గురు కలిసి ఒక్కటి కొనుక్కొనవచ్చును. ఇల్లంతయు కట్టెమీదనే ఆధారపడి, ఏటేట అయిదారు కార్డులు కాల్చువానికి మాత్రమే సొంత యంత్రము సార్థకము.

కట్టె జాతియు ముఖ్యమే. చెక్కనార తిన్నగా సాగిన మొద్దు ఒక్క దెబ్బకు రెండగును. ఆ దేశపు ఆష్ అను చెట్టును, ఎఱ్ఱ ఓక్ చెట్టును ఈ జాతివి. ఎల్మ్ అను చెట్టు నార పెనవేసికొనియుండును. అది చీలక పీచులు పీచులుగా సాగును. ఈ భేదము తెలుగువారికి కొత్త కాదు. మాంసము కొట్టు అంగడిలో చింతమొద్దు ఏండ్ల తరబడి కత్తిదెబ్బలకు ఓర్చుకొనియుండుట చూచినవారికి, పెనవేసికొన్న నార యనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. తనకు దొరకునది తిన్నని కట్టెయైనచో చిన్న యంత్రముతో పని జరుగును. ముడులతో నిండిన ఎల్మ్ మొద్దులే దిక్కైనచో పెద్ద బలము కావలెను. యంత్రమును అమ్మువాడు ఈ ప్రశ్న అడుగడు. కొనువాడే తన్ను తాను అడుగుకొనవలెను.

బలమును గూర్చిన ప్రశ్న పిమ్మట వచ్చును. ఇండ్లలో పెద్దపనికి వాడునవి చాలవరకు హైడ్రాలిక్ యంత్రములు. ఇంజను పంపును త్రిప్పును, పంపు నూనెను సిలిండరులోనికి నెట్టును, ఆ ఒత్తిడికి పిస్టను కదలును. మొద్దు ఒక ఉక్కు దూలముమీద పడుకొనియుండగా, ఉలివంటి ఉక్కుమొన దానిలోనికి దిగి చీల్చును. మూసియున్న ద్రవముమీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ తెలిపెను. దానినే ఆధారము చేసికొని ఇంగ్లండున జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సును నిర్మించి 1795లో పేటెంటు పొందెను. మన పాఠశాలలలో విద్యార్థులు వల్లించు ఆ సూత్రమే ఈ మొద్దులను చీల్చుచున్నది.

ఆ సూత్రము తెలిసినవానిని అమ్మువాడు అంకెలతో మోసగింపలేడు. సిలిండరు లోపలి వ్యాసము 4 అంగుళములు అనుకొనుడు. వ్యాసార్ధము 2 అంగుళములు, వైశాల్యము 12.56 చదరపు అంగుళములు. చదరపు అంగుళమునకు 3000 పౌనుల ఒత్తిడి ఉన్నచో మొత్తము బలము 37,680 పౌనులు. అమెరికా టన్ను 2000 పౌనులు గనుక ఇది దాదాపు 19 టన్నులు. ఆ యంత్రము ప్రక్కన ‘27 టన్నులు’ అని రంగు అక్షరములతో వ్రాసియున్నచో, అంత బలము వచ్చుటకు ఒత్తిడి 4300 పౌనుల వరకు పెరుగవలెను. ఇంటి యంత్రముల పంపులు సామాన్యముగా పనిచేయు ఒత్తిడికి ఇది మిక్కిలి హెచ్చు. సిలిండరు చుట్టును ఒక కొలత టేపు త్రిప్పి, వ్యాసము లెక్కించి, గోడల మందమునకు సుమారు అర అంగుళము తీసివేసిన చాలును. అక్షరముల సత్యము బయటపడును.

బలము పెరిగినకొలది మేలు అనుకొనుటయు పొరపాటే. 5 అంగుళముల సిలిండరు అదే ఒత్తిడితో 29 టన్నులకు పైగా బలమిచ్చును. కాని దానిని నింపుటకు నూనెయు అధికముగా కావలెను. నిమిషమునకు 11 గ్యాలనులు పంపు యంత్రములో 24 అంగుళముల దూరము సాగుటకు 4 అంగుళముల పిస్టనునకు 7 సెకండ్లు పట్టిన, 5 అంగుళముల దానికి 11 సెకండ్లు పట్టును. వేలకొలది పేళ్ళు చీల్చువానికి ఈ భేదము గంటలుగా పెరుగును. తిన్నని కట్టె కలవాడు అక్కరలేని బలమునకు డబ్బిచ్చి, పోగొట్టుకొన్న వేగమునకు కాలమిచ్చి, రెండువిధముల నష్టపడును.

ఎద్దును చూచినట్లే యంత్రపు దేహమును చూచుటకును ఒక క్రమము కలదు. మొదట ఇంజను. కొనువాడు వచ్చునప్పటికే అది వేడిగా ఉన్నచో అమ్మువాడు ముందుగా నడిపి ఉంచినాడని గ్రహింపవలెను. చల్లని ఇంజను ఒకటి రెండు ప్రయత్నములలో అందుకొనుట ఆరోగ్య లక్షణము. పెట్రోలు నెలల తరబడి నిలువయుండి కార్బురేటరు జిగురుపట్టుట సామాన్యమైన జబ్బు. ఇథనాలు కలిసిన పెట్రోలుతో ఇది మరింత త్వరగా వచ్చును. శుభ్రపరచిన పోవు జబ్బు గనుక దానిని చూచి పారిపోనక్కరలేదు, ధర తగ్గించి అడిగిన చాలును. పొగగొట్టమునుండి నీలిపొగ విడువక వచ్చుచున్నచో మాత్రము ఇంజను లోపలి భాగములు అరిగి, కందెననూనె మంటలో కాలుచున్నదని అర్థము.

తరువాత హైడ్రాలిక్ నూనె. వైద్యునకు రక్తపరీక్ష ఎట్టిదో ఇదియు అట్టిదే. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినది. నల్లబడి మాడువాసన కొట్టినచో యంత్రము మితిమీరి వేడెక్కినది. నురుగు కట్టుచున్నచో పంపు నూనెతోపాటు గాలిని పీల్చుచున్నది. పిస్టను కడ్డీ అద్దమువలె నిగనిగలాడవలెను. దానిమీద గీతలును, తుప్పు గుంటలును ఉన్నచో అవి సీలును కోయును, సీలును మార్చినను మరల కోయును. ఉక్కు దూలమును ఒక చివరనుండి కన్ను సారించి చూచిన వంకర తెలియును. అతుకులవద్ద పగుళ్ళున్నవేమో వెదకవలెను. యంత్రమంతయు పాతరంగుతో ఉండి ఒక్క అతుకు మాత్రము కొత్తరంగుతో మెరయుచున్నచో ఆ మెరుపును అనుమానింపవలెను.

చివరకు కాడి కట్టి చూచుట. అమ్మువాడు ముందుగా ఏరి ఉంచిన మెత్తని కట్టెను నమ్మరాదు. ముడులున్న మొద్దును కొనువాడే వెంట తీసికొనిపోవలెను. మంచి పంపు కలిగిన యంత్రములో ఉక్కుమొన తొలుత వడిగా వచ్చును. మొద్దు ఎదురుతగిలినపుడు వేగము తగ్గి బలము పెరుగును. ఇంజను ధ్వని బరువెక్కవలెనేగాని ఆగిపోరాదు. మొన కదలక నిలిచిపోయి, ఇంజను మాత్రము ఏ బరువును లేనట్లు తేలికగా తిరుగుచున్నచో లోపము పంపులోనో వాల్వులోనో ఉన్నది.

ఇంతవరకు చెప్పినవన్నియు ధనమునకు సంబంధించినవి. రబ్బరు గొట్టము, సీలు, చక్రము వంటివి మార్చుకొనవచ్చును; వంగిన దూలము, చెడిన పంపు, అరిగిన ఇంజను కొత్త యంత్రపు ధరలో పెద్దభాగమును మ్రింగును. ఈ లెక్క వేసికొని బేరమాడవచ్చును. కాని బేరమునకు లొంగని విషయము ఒకటి ఉన్నది. అది చేతుల క్షేమము.

చాల హైడ్రాలిక్ యంత్రములలో మీటను నొక్కి పట్టినంతసేపే ఉక్కుమొన ముందుకు సాగును. విడిచిన వెంటనే ఆగవలెను. పని వేగముగా సాగవలెనను తొందరలో కొందరు ఆ మీటను తీగతోనో తాడుతోనో బిగించి, చేయి తీసినను మొన ఆగకుండునట్లు చేయుదురు. రెండుచేతులతోను పట్టినగాని కదలని విద్యుత్ యంత్రములలో ఒక చేతి మీటను కట్టివేయువారును ఉందురు. అట్టి మార్పులు చేసిన యంత్రమును ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. ఆ తీగ విప్పివేసిన సరిపోదా అని అడుగవచ్చును. క్షేమమునకు ఉద్దేశించిన మీటనే కట్టివేసినవాడు, కంటికి కనబడని భాగములను ఎంత శ్రద్ధగా చూచుకొన్నాడో ఊహింపవలెను. ఒక యంత్రము గత చరిత్రను దాని యజమాని మాటకంటె ఆ తీగయే స్పష్టముగా చెప్పును.

రెండవ అపాయము మరింత కనబడనిది. పాతబడిన గొట్టములో సూదిమొనంత రంధ్రము పడినచో ఆ ఒత్తిడికి నూనె సన్నని ధారగా చిమ్మి చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి ముల్లు గ్రుచ్చుకొన్నంత గాయమే కనిపించును. నొప్పియు మొదట అంతగా ఉండకపోవచ్చును. లోపల మాత్రము కండ చెడుచుండును. తక్షణము శస్త్రచికిత్స జరుగనిచో వ్రేలు, ఒక్కొక్కప్పుడు చేయి తీసివేయవలసివచ్చును. అందుచేత నూనె ఎక్కడ కారుచున్నదో తెలిసికొనుటకు గొట్టమును చేతితో తడుమరాదు; అట్టముక్కను దానివెంట జరిపి చూడవలెను. మొద్దును పెట్టువాడును, మీటను త్రిప్పువాడును ఒక్కడే కావలెనను నియమమును మరువరాదు. ఒకడు మొద్దు సర్దుచుండగా మరియొకడు మీట నొక్కుటవలన వ్రేళ్ళు నలుగును. స్నేహితుని సహాయము ఇచట మేలుకంటె కీడునకే దగ్గర.

ఇన్ని చిక్కులున్నపుడు కొత్త యంత్రమునే కొనరాదా అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనది. పరీక్షించు నేర్పు లేనివాడు, పరీక్షించువానిని వెంట తీసికొనిపోలేనివాడు, హామీపత్రముతో వచ్చు కొత్త యంత్రమును కొనుటయే మేలు. కాని హామీపత్రము యంత్రమునకు బలమును చేకూర్చదు. అదే ధరకు రెండు యంత్రములు దొరకినపుడు, ఒకటి పలుచని ఉక్కుతో చేసిన కొత్తదియు, మరియొకటి మందమైన దూలముతో, శుభ్రమైన నూనెతో, విడిభాగములు నేటికిని దొరకెడి ఇంజనుతో పదియేండ్లు పనిచేసిన పాతదియు అయినచో, రెండవదానినే కోరుకొనవలెను. పదియేండ్లు చెడక పనిచేయుట ఏ ప్రకటనయు ఇయ్యలేని సాక్ష్యము. కాలమును ఎంచుకొనుటయు నేర్పే. మంచు పడు దినములలో బేరమునకు పోయినవాడు తన అవసరమును ముఖమున వ్రాసికొని పోవుచున్నాడు. వసంతమున, పొయ్యి ఆరిన పిమ్మట పోయినవానికి తీరికగా చూచుటకును, కాదని తిరిగివచ్చుటకును వీలుండును.

మన ఊళ్ళలో ఈ యంత్రము అంతగా కనబడదు. కాని వాడిన మోటారు, వాడిన ఆయిలు ఇంజను, వాడిన ట్రాక్టరు, వాడిన కుట్టుమిషను కొనని ఊరు లేదు. అక్కడను బేరము ఇట్లే జరుగుచున్నది: గుఱ్ఱపుశక్తి ఎంత, ధర ఎంత అని రెండు మాటలడిగి డబ్బు లెక్కించి ఇచ్చుచున్నారు. వృత్త వైశాల్యమునకు సూత్రము వ్రాసి నూటికి నూరు మార్కులు తెచ్చుకొన్న కుమారుడు తండ్రి ప్రక్కనే నిలుచుండియు, ఆ సూత్రము ఆ ఇనుప గొట్టమునకు వర్తించునని ఎరుగకున్నాడు. పళ్ళు చూచి ఎద్దు వయస్సు చెప్పిన తాతకు బడి చదువు లేకపోవచ్చును. తాను ఎరిగినదానిని సంతలో వాడుకొనుట మాత్రము అతడు ఎరుగును. పాస్కల్ సూత్రమును బోధించు దినమున ఉపాధ్యాయుడు పిల్లలను ఊరిలోని మెకానిక్ షెడ్డునకు తీసికొనిపోయి, ఒక పాత జాకీని ముందుంచి, దాని పిస్టను వ్యాసము కొలిపించి, అది ఎంత బరువెత్తునో లెక్క కట్టించిన, ఆ పాఠము పరీక్ష ముగిసిన పిమ్మటను వారివెంట ఉండును. పాతవస్తువును చూచి ముఖము చిట్లించుటకు మారుగా, దాని దగ్గరకు పోయి నూనె మూత తీసి చూచు అలవాటును ఆ పిల్లలకు అబ్బును.